ఇసుక కింద నదులు గీసిన మా తోడల్లుడుగారు

పోయిన నెల్లో ఒక మంగళవారం పొద్దున్న తోటలో కొబ్బరి దింపు జరుగుతోంది. కాయలు పడే చప్పుడులో జేబులో ఫోను మోగుతున్న సంగతి నాకు తెలియలేదు. తీసేసరికి అవతల మా ఆవిడ. "బావగారు పోయేరండీ" అంది. కాఫీ తాగి, పేపరు పట్టుకుని పడక్కుర్చీలో వాలారట. గ్లాసు తీసుకెళ్దామని వాళ్ళావిడ, మా వదినగారు, వచ్చేసరికి పేపరు గుండెల మీదే ఉంది, ఆయన లేరు. చెట్టెక్కిన మనిషిని దిగమని కేకేసి, కాయల కుప్ప పక్కన కూర్చుని కాసేపు ఏడ్చాను. ఆ ముందురోజు సాయంత్రమే పనసపొట్టు కూరలో ఆవ ఎంత పెట్టాలన్న విషయమై ఇద్దరం గట్టిగా పోట్లాడుకున్నాం. ఆ తగువు తేలకుండానే ఉండిపోయింది.

ఆయన నాకు తోడల్లుడు. కొత్తపేటలో మా మావగారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దల్లుడాయన, చిన్నల్లుణ్ణి నేను. ఆ ఇంట్లో అన్నీ ఆయనకి ముందు, నాకు తరవాత. ఆ లోటు నేను చాలా ఏళ్ళు మనసులో పెట్టుకున్నాను. ఆయనేమో ముందు తనకి వేసిన గారెల్లోంచి మంచివి ఏరి, ఎవరూ చూడకుండా నా విస్తట్లోకి నెట్టేవారు. అలాంటి మనిషి మీద అసూయ పడడం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుస్తుంది. పడలేక, చివరికి స్నేహం చేశాను.

ఇంతకీ ఆయన చేసిన ఉద్యోగం చెప్పాలి. భూగర్భశాస్త్రం చదివి, జోధ్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వపు కొలువులో చేరారు. ఎడారి ఇసుక కింద పూడిపోయిన పాత నదులు ఏ దారిన పారాయో కనిపెట్టి, పటం మీద గీయడం ఆయన పని. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి మా మావగారికి బొత్తిగా అంతుపట్టలేదు. నాలుగు దిక్కులా కాలవలున్న ఊళ్ళో పుట్టి పెరిగిన రైతు ఆయన. ఒకరోజు భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని అడిగేశారు.

"అల్లుడుగారూ, ఏవనుకోకండి. ఇక్కడ ఉన్న గోదారిని చూసే నాథుడు లేడు. మీకేమో గవర్నమెంటువారు జీతమిచ్చి మరీ లేని నదిని వెతికిత్తన్నారాండీ?"

"ఉన్నదేనండీ మావయ్యగారూ, పైకి కనపడదంతే. వేసంకాలం మన కాలవలు కట్టేత్తారు కదండీ?"

"ఆయ్."

"అడుగంతా ఎండిపోయి ఇసకే కనపడద్ది కదండీ? అక్కడ చెలమ తవ్వితే నీళ్ళు ఊరవా?"

"ఎందుకూరవండీ, ఊరతాయి."

"అక్కడా అంతేనండీ. అది వేల ఏళ్ళ కితం కట్టేసిన కాలవ. మళ్ళీ నీళ్ళు వదిలేవాడు లేడు. అది ఎక్కడుందో నేను గీసిపెడితే, కావలసినవాళ్ళు చెలమ తవ్వుకుంటారు."

మావగారు చుట్ట ఆరిపోయేదాకా ఆలోచించారు. తరవాత మొహం విప్పారింది. "అయితే మీది లస్కరు ఉద్యోగవన్నమాట. అలా చెప్పండి మరి!" అన్నారు. కాలవ గట్టు మీద తిరుగుతూ తూములు చూసుకునే లస్కరు కన్నా గొప్ప సర్కారు ఉద్యోగి మా మావగారి లెక్కలో లేడు. ఆ రోజు నుంచి మా వీధిలో ఆయన పేరు 'ఎడారి లస్కరుగారు'. ఆ పిలుపు ఆయనకి ఎంత నచ్చిందంటే, జోధ్‌పూర్‌లో ఆఫీసువాళ్ళకి కూడా అర్థం చెప్పి మురిసిపోయారట.

పని మాత్రం లస్కరు పని కన్నా కాస్త చిక్కుదే. ముందు ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మలు చూడాలి. అందులో రాడార్ బొమ్మలని ఒక రకం ఉంటాయి. అవి పొడి ఇసుకని కొంత లోతు వరకు దాటి, కిందున్న జాడని చూపిస్తాయి. నాకు చూపిస్తే దుప్పటి మీద మరకలా కనపడింది. ఆయనకి అందులో ఒడ్డూ, వంపూ, పాయలు విడిపోయిన చోటూ కనపడేవి. తరవాత జీపు వేసుకుని ఆ చోటికే పోవాలి. జమ్మిచెట్లు చిక్కగా ఒకే వరసలో పెరిగాయా, ఇసుక తవ్వితే నీళ్ళలో దొర్లి నునుపు తేలిన గులకరాళ్ళు దొరుకుతాయా చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి ఊళ్ళోనూ బావినీళ్ళు అడిగి తాగాలి. తియ్యగా ఉంటే పటం మీద నీలం చుక్క, ఉప్పగా ఉంటే ఎర్ర చుక్క. నీలం చుక్కలు వరసలో పడితే అక్కడ ఒకప్పుడు ఏరు పారిందని అనుమానించవచ్చు.

"నాలిక కన్నా మంచి మిషను గవర్నమెంటు ఇంకా కొనలేదు తమ్ముడూ" అనేవారు.

ఆ మిషను ఇంటికొచ్చినా ఆగేది కాదు. మండపేటలో మా చుట్టాలింట పెళ్ళికి వెళ్ళాం. బంతిలో కూర్చోగానే ఆయన ఆకు కేసి చూడకుండా గ్లాసెత్తి, నీళ్ళు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని బుగ్గలాడించడం మొదలెట్టారు. వంటల కాంట్రాక్టరు హడలిపోయి పరిగెత్తుకొచ్చాడు. "ఏవండీ, పురుగేవన్నా పడిందాండీ?" అని అడిగాడు. ఆయన తాపీగా మింగి, "లేదండీ. బోరు ఎంత లోతు దింపేరేటండీ?" అన్నారు. మా వదినగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతో కాదు. ఇంటికొచ్చాక ఆయనకి ఆ పూట కాఫీ లేదు.

ఇక ఎడారిలో ఆయన చేసిన పొరపాటు ఒకటి ఉంది. దాన్ని ఆయనే ప్రతి శుభకార్యంలోనూ చెప్పేవారు, మేమంతా మొదటిసారి విన్నట్టు వినేవాళ్ళం. ఉద్యోగంలో చేరిన కొత్తలో జైసల్మేరు దాటి ఎక్కడో ఒక చిన్న గూడేనికి వెళ్ళారు. మట్టి గోడల ఇళ్ళు, చుట్టూ ఇసుక దిబ్బలు. ఒక ఇంటి ముందు నిలబడి నమస్కారం పెడితే, లోపల్నుంచి ముసలావిడ ముసుగు సర్దుకుంటూ వచ్చి, ఇత్తడి చెంబుతో నీళ్ళు ఆయన చేతికి ఇచ్చింది. ఆయన ఎక్కడివాడు? కోనసీమవాడు. గుమ్మంలో చెంబుతో నీళ్ళిస్తే మనం ఏం చేస్తాం? ఆయనా అదే చేశారు. మర్యాదగా చెప్పులు విడిచి, పక్కకి తిరిగి, ఆ నీళ్ళతో శుభ్రంగా కాళ్ళు కడుక్కున్నారు. మడమల వెనక మట్టి కూడా వదల్లేదట.

వెనక్కి తిరిగేసరికి జీపు డ్రైవరు నెత్తిన చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అవి తాగే నీళ్ళు. ఆ ఇంటి ఆడవాళ్ళు తెల్లారగట్ల లేచి, దిబ్బలు దాటి దూరపు బావి నుంచి నెత్తి మీద మోసుకొచ్చుకున్నవి. ముసలావిడ ఇసుకలో ఇంకిపోతున్న తడి కేసి ఒకసారి చూసి, లోపలికెళ్ళి ఇంకో చెంబు తెచ్చిచ్చి, ఈసారి తాగమని చేత్తో సైగ చేసింది.

"తిట్టినా బాగుణ్ణు తమ్ముడూ. తిట్టకుండా రెండో చెంబు తెచ్చిందే, ఆ నీళ్ళు గొంతు దిగలేదు" అనేవారు. ఇక్కడ అందరం నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వేవారు గానీ, నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవారు.

ఆ గూడేనికి తియ్యటి నీళ్ళు చూపించాలని ఆ రోజే అనుకున్నారట. ఆవిడతో చెప్పలేదు, ఆఫీసులోనూ చెప్పలేదు. రాడార్ బొమ్మలో ఒక పాత నది జాడ ఆ గూడెం వైపు వచ్చి, పెద్ద దిబ్బ కిందకి వెళ్ళి మాయమయ్యేది. తోటి ఉద్యోగులు అది ఉత్తరానికి మళ్ళిపోయిందన్నారు. ఈయన, లేదు, గూడెం కిందుగానే పారిందన్నారు. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టి, చివరికి ఆ జాడకి నడిమధ్యన బోరు వేయించారు. నీళ్ళు పడ్డాయి. గూడెమంతా చేరి, రంగులు చల్లుకుని, ఆయన మెళ్ళో దండ వేశారు. దండతోనే ముందుకెళ్ళి దోసిట పట్టి నోట్లో పోసుకున్నారు. కటిక ఉప్పు. దండ తీసి బోరు పైపుకి తగిలించి, "తప్పు నాదండీ" అని వాళ్ళందరికీ చెప్పి జీపెక్కారు.

"నీళ్ళు రుచి చూడకుండా దండ వేయించుకోకూడదు తమ్ముడూ" అనేవారు ఆ తరవాత. రాజకీయాల మీద వ్యాఖ్యేమోనని నేను చాలాకాలం పొరబడ్డాను.

రిటైరయ్యాక కొత్తపేట వచ్చి, మావగారి పాత స్థలంలో చిన్న డాబా వేసుకున్నారు. హాల్లో ఎదురుగా ఉన్న గోడ మీద మా వదినగారు పంచాంగం కేలెండరు పెట్టుకుందామనుకున్నారు. మేకు కూడా కొట్టించారు. మర్నాటికి ఆ మేకుకి ఎడారి బొమ్మ వేలాడుతోంది. నడిమధ్యన ఆ గూడెం. "ఏకాదశి ఎప్పుడో తెలీదు గానీ, ఎడారిలో దిబ్బ ఎంత జరిగిందో మాత్రం మా ఇంట్లో పనిమనిషిక్కూడా తెలుసండీ" అని వదినగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఆయన వినపడనట్టు కంప్యూటరు ముందు కూర్చునేవారు. కొత్తగా వచ్చే ఉపగ్రహ బొమ్మలు తెప్పించుకుని, మనవడి కోసం కొన్న పెద్ద తెర మీద గంటల తరబడి చూసేవారు. ఆ దిబ్బ జరిగితే కిందున్న నది జాడ బయటపడుతుందని ఆశ. నేను వెళితే, "రా తమ్ముడూ, దిబ్బ ఇవాళ కాస్త దయ తలిచింది" అనేవారు.

నాకు ఆయన మీద జాలేసేది. ఒకసారి అనేశాను కూడా. "పోనీండి అన్నయ్యగారూ, ఆ నది ఎప్పుడో పోయింది. మీరెందుకండీ దాని వెంట?" అని.

"నది పోదయ్యా. కనపడ్డం మానేత్తాది" అన్నారు.

పోయిన ఏడాది ఎండల్లో ఆయన మా తోటకి వచ్చారు. నేను బోరు తవ్వినవాణ్ణి తిట్టుకుంటూ ఉన్నాను. మా తోటలో గోదారి ఎప్పుడో వదిలేసిన పాత పాయ ఒకటి ఉంది. ఇప్పుడది అరటి వేసిన పల్లం. దాని వంపు లోపలి పక్కన ఇసుక మేట వేసిన మెరక. పల్లంలో నీళ్ళు తొందరగా పడతాయని అక్కడ బోరు దింపితే ఉప్పు తగిలింది. విసుగొచ్చి మెరక మీద ఇంకోటి వేయిస్తే కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. ఆయన ఆ మెరక బోరు నీళ్ళే తాగుతున్నారు.

"చూడండన్నయ్యగారూ, గోదారి పారిన చోటే ఉప్పంట, పక్కన గట్టు మీద తీపంట! ఇదెక్కడి న్యాయవండీ?" అన్నాను.

ఆయన గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. మిగిలిన నీళ్ళు కింద పెట్టేసి, పల్లంలోకి దిగి, మళ్ళీ మెరక ఎక్కి, మళ్ళీ దిగారు. ఎండ చురుక్కుమంటోంది, గొడుగు పట్టుకుని వెనకాలే నేను. నాకేం అర్థం కాలేదు. మెరక మీద నిలబడి, పిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. నది వంపు తిరిగేచోట లోపలి ఒడ్డున ఇసుక పేరుస్తుంది. దారి మార్చుకున్నాక నడిమి గొయ్యిలో బంకమట్టి చేరి, ఉప్పు పడుతుంది. వాన కురిస్తే మంచినీళ్ళు నిలవుండేది ఆ పక్క ఇసుకలో.

"నది దొరికిందన్న సంబరంలో నడిమధ్యనే పొడిచేను తమ్ముడూ. వంపు లోపలికి జరగాల్సింది. ఇదంతా చదూకున్నానయ్యా, పిల్లలకి పాఠాలు కూడా చెప్పేను! పైగా గోదారి పక్కన పుట్టేను!" అని తల కొట్టుకుంటూ పకపకా నవ్వారు. అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు భోజనం కూడా చెయ్యకుండా నా స్కూటరు మీద ఇంటికెళ్ళిపోయారు.

తరవాత ఆయన కింద పనిచేసి పైకొచ్చిన కుర్రాళ్ళకి ఫోన్లు, బొమ్మలు, బతిమాలడాలు. వాళ్ళు మంచివాళ్ళు. భూమిలోకి కరెంటు పంపి అడుగున ఇసుకుందో బంకమట్టి ఉందో చూసే పరీక్ష చేసి, ఈయన గుర్తు పెట్టిన చోటే బోరుకి అనుమతి తెచ్చారు. డ్రిల్లింగు మొదలైన రోజు నుంచి ఆయనకి నిద్ర లేదు. వదినగారైతే సామర్లకోట భీమేశ్వరుడికి మొక్కేసుకున్నారు.

నీళ్ళు పడ్డ రోజు వీడియో కాలు వచ్చింది. మేమంతా హాల్లోనే ఉన్నాం. ముసలావిడ ఎప్పుడో పోయింది. ఆవిడ కోడలు ఇప్పుడు ఆ ఇంటి పెద్ద. బోరు దగ్గర నిలబడి లోటా నింపుకుంది. ముసుగు మొహం నిండా కప్పి ఉంది. ముసుగు కిందనుంచి లోటా లోపలికి పోయింది. తాగింది. మాకు మొహం కనపడదు. తోడల్లుడుగారు ఫోను తెరకి ముక్కు ఆనించేశారు.

"మీఠా" అంది ముసుగులోంచి, తియ్యగా ఉన్నాయని.

ఆయన పొంగిపోలేదు. హిందీకి కూడా అండీలు తగిలించి మాట్లాడే మనిషి. "ఫిర్‌సే పీజియే అండీ, జాగ్రత్తగా" అన్నారు. జాగ్రత్త ఆవిడకి అర్థమైందో లేదో, ఇంకో లోటా నింపుకుని నిదానంగా తాగింది. ఈసారి ముసుగు కాస్త పైకి తొలిగింది, ఆవిడ నవ్వుతోంది. "మీఠా, సాబ్" అంది. వెనక పిల్లల అరుపులు, ఒకటే తడిసి ముద్దవడం. ఆయన ఫోను నా చేతిలో పెట్టి లేచి, గోడ మీది ఎడారి బొమ్మ తీసి చుట్ట చుట్టారు. "ఏవే, నీ కేలెండరు ఎక్కడుందీ?" అన్నారు. వదినగారు కేలెండరు తేలేదు, అక్కడే కూర్చుని ఏడ్చారు.

ఆ తరవాత ఆయన బతికిన నెలలన్నీ పండగలా గడిచాయి. పనసపొట్టు తగువులాడారు, మనవడికి పటాలు చూడడం నేర్పారు, నా తోటలో మెరక బోరుకి తన పేరు పెట్టమని నన్ను వేధించారు. నేను పెట్టలేదు. పెట్టాల్సిందేమో. రోజూ సాయంత్రం ఐదింటికి కాళ్ళు ఇప్పటికీ వాళ్ళింటి వైపే లాగుతున్నాయి.

దినకార్యాలయ్యాక వదినగారు, "ఆ గూడెంవాళ్ళకి చెప్పాలి కదండీ మరిదిగారూ" అన్నారు. జోధ్‌పూర్‌లో అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి, వాళ్ళ మాట ఆవిడకి బాగా వచ్చు. ఫోను చేసి ఆ కోడలితో నెమ్మదిగా సంగతి చెప్పారు. అవతల ఆవిడ ఏదో అంది. వదినగారు ఫోను ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఏవందండీ వదినగారూ?"

"ఇంట్లో అందరం స్నానాలు చేత్తాం దీదీ, అందండీ."

అయినవాళ్ళు పోయారన్న కబురు వింటేనే మనం చేసే స్నానం అది. నీళ్ళు లేని రోజుల్లో, ఇంట్లో సొంత మనిషి పోయినా వాళ్ళు తడిబట్టతో ఒళ్ళు తుడుచుకుని సరిపెట్టుకునేవారని వదినగారు చెప్పారు.

మధ్యాహ్నానికి ఫోనులో ఒక ఫోటో వచ్చింది. మనుషులెవరూ లేరు అందులో. ముళ్ళకంచె పొడుగునా ఆరేసిన ఘాగ్రాలు, తలపాగా గుడ్డలు, పిల్లల చొక్కాలు. ఇంకా నీళ్ళోడుతున్నాయి. వాటి కింద ఇసుక తడిసి నల్లగా ఉంది.